శెట్టిగారి బావిలో ఈత నేర్పిన టీచరమ్మ

పోయిన మంగళవారం హిందూపురంలో నా గది తలుపు కింద కార్డు పడి ఉంది. మా అన్న రాసింది. మూలకు నల్లసిరా పూసి ఉండటంతో చదవకముందే ఎవరో పోయారని తెలిసింది. "టీచరమ్మ పోయింది. ఆదివారం మన్ను చేసినాము. నిన్ను రెండుసార్లు అడిగింది." అంతే రాశాడు. ఆసుపత్రిలో నాకు పగటి డ్యూటీ. పోయాను, రోగులకు మందులిచ్చాను, సూదులు వేశాను. చెవుల్లో నీళ్ళు దూరినట్టు రోజంతా ఎవరి మాటా సరిగా వినపడలేదు.

కుందుర్పి దగ్గర మా ఊరి చిన్నబడిలో ఆమె టీచరు. పుట్టింది కడప దిక్కున, పెన్న ఒడ్డున. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే ట్రైనింగు చదివి, ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు పట్టుకుని మా ఊరికి వచ్చింది. ఏటి ఒడ్డు పిల్ల కాబట్టి ఆమెకు ఈత నడకంత తేలిక. మా దిక్కు ఏరు లేదు. ఉన్నవి బావులే. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ళు అడుగుకు పోతాయి. కడవ ముంచాలంటే పాచి పట్టిన మెట్లన్నీ దిగాలి. ఏటా ఎండాకాలం చుట్టుపక్కల ఏదో ఒక బావి ఒక ఆడపిల్లను తీసుకునేది. ఎండ మాదిరే, కరువు మాదిరే అదీ తలరాత అనుకునేవాళ్ళు మావాళ్ళు. టీచరమ్మ అనుకోలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం బడికి సెలవులివ్వగానే ఆమె ఈత బడి పెట్టింది. ఊరి బయట శెట్టిగారి తోటబావిలో ఎంత ఎండలోనైనా రెండు నిలువుల నీళ్ళుండేవి. ఆ బావి అడిగింది. ఊరికి ఎడంగా ఉన్న మా పేట పిల్లలు అందులో దిగడమేమిటని ఊళ్ళో కొందరు గొణిగారు. చెట్లకు పారే నీళ్ళే గానీ ఎవరూ తాగేవి కాదు కదా అని శెట్టిగారి భార్య తేల్చేసింది. రెండో ఏడు తన కూతుర్నే తెచ్చి దింపింది. పొద్దున ఎద్దులు కట్టి నీళ్ళు తోడటం మొదలయ్యేదాకా బావి పిల్లలది.

మొదటి ఏడు చేరింది ఆరుగురు. వీపుకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి దింపేది. పది రోజులకు ఒక బుర్ర విప్పేది, మరో పది రోజులకు రెండోది. ఎత్తు తన భుజం అందని పిల్లను చేర్చుకునేది కాదు. ఎండాకాలం ఇంకా రాకముందే, ఆదివారం ప్రార్థన కాగానే, చుట్టుపక్కల ఊళ్ళకు నడిచిపోయి తల్లులతో మాట్లాడి వచ్చేది. ఒక ఊళ్ళో ఒకాయన, ఆడపిల్లకు ఈత ఎందుకని అడిగాడట.

"నీళ్ళకు పంపేది ఆడపిల్లనే కదన్నా" అందట ఆమె. ఆయన మరునాడే ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొచ్చాడు.

ఐదో ఏటికి నలభై మంది అయ్యారు. దూరం పిల్లలు నెలరోజులు బడి వసారాలోనే పడుకునేవాళ్ళు. ఉన్నవాళ్ళు రాగులో చెనక్కాయలో తెచ్చేవాళ్ళు, లేనివాళ్ళు ఉత్తచేతులతో వచ్చేవాళ్ళు. అందరికీ ఒకే సంగటి. ఒక్కతే చూసుకోలేక పిల్లల్ని రెండు జట్లు చేసి, రెండో జట్టును రంగికి అప్పగించింది. రంగి మా పేట పిల్లే. మొదటి ఆరుగురిలో ఒకతె. అప్పటికి పదహారేళ్ళుంటాయి. మరుసటి ఏడు కుందుర్పిలో రంగి చేత ఇంకో ఈత బడి పెట్టించాలని టీచరమ్మ ఆలోచన. దానికి బావి కూడా చూసిపెట్టుకుంది.

ఆ ఏడు నేను ఆమె భుజం అందలేదు. ఈత బడి ముగిసిన రెండు వారాలకు, మా పేట దిగుడు బావిలో కడవ ముంచబోయి జారాను.

రంగి పై మెట్టు మీద ఉంది. కడవ పారేసి దూకింది. నాకు గుర్తున్నది కొంచెమే. ఆకుపచ్చ వెలుతురు, నోటినిండా నీళ్ళు, తర్వాత చేతికి తగిలిన ఒక మనిషి. ఆ మనిషిని రెండు చేతులా మెడ చుట్టూ పట్టుకున్నాను. ఆమె మీదెక్కి పైకొచ్చాను. ఎవరో నన్ను మెట్టు మీదికి లాగారు. రంగి పైకి రాలేదు. మగవాళ్ళు దిగి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

మూడో రోజు టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. మా నాయన మంచం వాల్చినా కూర్చోలేదు. నా ముందు నేల మీద కూర్చుంది.

"యాడ పట్టుకుంటివి పాపా?"

మెడ చూపించాను. చాలాసేపు నా చేతులకేసి చూసింది.

"తప్పు నీది కాదు. మునిగేవాళ్ళు ఏది దొరికితే అది పట్టుకుంటారు. ఈత చెప్పినా దానికి. మునిగేవాళ్ళ దగ్గరికి ఎట్ల పోవల్లో చెప్పల్యా. తప్పు నాది."

మా నాయన ఏదో అనబోయాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది.

ఈత నేర్పి పిల్లను చంపిందని ఊళ్ళో అన్నారు. ఆమె ఎదురు చెప్పలేదు. మరుసటి ఎండాకాలం సెలవులిచ్చిన వారానికి, ఎప్పటిలాగే తెల్లవారకముందే శెట్టిగారి బావి గట్టు మీద వచ్చి కూర్చుంది. ఎవరూ రాలేదు. ఎద్దులు వచ్చేదాకా కూర్చుని, లేచి ఇంటికి పోయింది. ఎనిమిది రోజులు అదే పని. తొమ్మిదో పొద్దు రంగి తల్లి వచ్చింది, చిన్నకూతురు గంగిని చెయ్యి పట్టుకుని. మేం పిల్లలం కొందరం కంచె అవతల నిలబడి చూస్తున్నాం.

"దానికి చెప్పకుండా మిగిలింది ఉండాదంటివంట కదా, టీచరమ్మా" అంది. "అది దీనికి చెప్పు."

టీచరమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఏటి నుంచి మొదటి వారం ఎవరినీ నీళ్ళలోకి దింపలేదు. గట్టు మీద నిలబడి తాడు విసరడం, గెడ అందించడం, తాడు లేకపోతే చీర విప్పి వెయ్యడం, ఇదే నేర్పింది. "చెయ్యి ఇయ్యొద్దు, తాడియ్యి" అని రోజూ అందరి చేతా అనిపించేది. మళ్ళీ ఎక్కువమంది పిల్లలు రావడం మొదలైంది. అయితే అందరూ ఎక్కేశాక కూడా ఆమె గట్టు దిగేది కాదు. నీళ్ళు పూర్తిగా కదలడం మానేదాకా అక్కడే నిలబడేది. ఎందుకని శెట్టిగారి భార్య ఒకసారి అడిగితే, "ఇంగా ఎవురో లోపల ఉండారనిపిస్తాదమ్మా" అని చెప్పిందట.

నేను మూడేళ్ళు ఆ కంచె దాటి బావి దగ్గరికి పోలేదు. నా పదకొండో ఏట ఆమే పిలిచింది. నీకిష్టముంటేనే అని ముందు చెప్పింది.

"మునిగేవాళ్ళు ఎట్ల పట్టుకుంటారో ఈళ్ళలో ఎవురికీ తెల్దు పాపా. నీకు తెలుసు."

అప్పటినుంచి ఏటా ఎండాకాలం మునిగేది నేనే. ముందు ఈత నేర్పింది, తర్వాత మునగడం నేర్చుకోమంది. నేను కొట్టుకుంటుంటే ఒక్కొక్కరూ వచ్చి కాపాడాలి. మొదటిసారి తాడు విసిరింది గంగి. నీళ్ళలోంచి చూస్తే గట్టు మీద వాళ్ళక్క రంగి ముఖమే. తాడు పట్టుకోవడానికి నా వేళ్ళు వంగలేదు. "పట్టుకో, నాకేం కాదు" అంది గంగి. పట్టుకున్నాను. అరచేతిలో నార తాడుకు బదులు వెంట్రుకలు తగిలినట్టయింది. ఆ తర్వాత కూడా అట్లానే తగిలేది. టీచరమ్మకు ఆ సంగతి చెప్పలేదు. ఆమెకు తెలిసే ఉంటుంది. నన్ను లాగిన ప్రతిసారీ తానే వచ్చి నా అరచేతులు తన కొంగుతో తుడిచేది.

తర్వాత కుందుర్పిలో ఈత బడి పెట్టింది గంగే. అక్కడ నేర్చుకున్న ఒక పిల్ల, నీళ్ళలో పడిన తమ్ముణ్ణి చీర వేసి లాగిందని ఉత్తరం వచ్చింది. టీచరమ్మ దాన్ని బైబిల్లో పెట్టుకుంది. సంతోషించిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు అన్నం తినలేదు.

ఆమెను నేను కడసారి చూసింది పోయిన ఎండాకాలం. వరసగా వానల్లేక శెట్టిగారి బావి కూడా ఎండింది. ఈ ఏటికి ఆపేసి ఉంటుందనుకుని సెలవు మీద ఊరికి పోయాను. పొద్దున్నే తోటకు పోతే ఆమె గట్టు మీద రాయికి చేరగిలబడి కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. పక్కన కూర్చోమని సైగ చేసింది. నీళ్ళు లేకుండా ఏం నేర్పుతున్నావని అడిగాను.

"వానొచ్చేనాటికి ఈత రావల్ల కదా" అంది.

తొంగి చూశాను. బావి అడుగున తడి ఆరని ఇసకలో పదకొండు మంది ఆడపిల్లలు బోర్లా పడుకుని చేతులూ కాళ్ళూ ఆడిస్తున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. వాళ్ళ అరచేతులు ఇసకను వెనక్కి తోసే చప్పుడొక్కటే పైకి వస్తోంది.