ఊదొత్తి పొగ కదలని గది

పాడేరు జిల్లా కేంద్రమైన తర్వాత వచ్చిన రెండో వేసవిలో నన్ను అరకు సెక్షన్‌కి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. అది నా ఆఖరి పోస్టింగు. రిటైరయ్యే ముందు చల్లటి చోట కూర్చోబెట్టారని తోటివాళ్ళు ఆటపట్టించారు. విద్యుత్ పంపిణీలో సెక్షన్ అంటే కింది మెట్టు. ఒక ఎ.ఇ., ఆయన కింద లైన్ ఇన్‌స్పెక్టరు, లైన్‌మన్లు, వాళ్ళ నెత్తిన కొండలూ గెడ్డలూ వాగులూ దాటిపోయే తీగలు.

నేను పిరికివాణ్ణి. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మా వృత్తిలో ధైర్యవంతుల ఫొటోలకే ముందుగా దండలు పడతాయి. లైన్ మీద పని చెయ్యాలంటే సబ్‌స్టేషన్ ఆపరేటరు దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. ఫలానా ఫీడరు, అంటే ఫలానా ఊళ్ళకు పోయే లైను, ఆపేశాం, మీ మనుషులు దిగి తిరిగి చెప్పేదాకా వెయ్యం అని ఆయన ఇచ్చే హామీ అది. ఆ హామీ ఒక్కటే చాలదు. తీసిన స్విచ్‌ని ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు వేస్తారు. అందుకని పని జరిగే చోట తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించి, పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోయేలా చేస్తాం. ఎర్త్ రాడ్ వెయ్యకుండా స్తంభం ఎక్కినవాణ్ణి కిందికి దింపి మరీ తిట్టేవాణ్ణి.

అన్నేళ్ళ నా భయానికి ఒక ఊరట ఉండేది. ఎంత పెద్ద ప్రమాదానికైనా ఎక్కడో ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని తీస్తే ఆగుతుంది. స్విచ్ లేని భయం ఎలా ఉంటుందో చిన్నమ్మి ఇంట్లో ఏసీ గది దగ్గర తెలిసింది.

చిన్నమ్మిది అరకు నుంచి జీపులో అరగంట దూరంలో ఉన్న ఊరు. కాఫీ తోటల అంచున ఇల్లు. భర్త పోయాక ఇంటికి ఆనించి ఒక గది కట్టి, విశాఖ నుంచి వచ్చే యాత్రికులకు అద్దెకిచ్చేది. కొండ మీద ఏసీ ఎందుకని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. ఇప్పటి వేసవులు పాత వేసవులు కావు. పైగా ఆ గదికి రేకుల కప్పు, మధ్యాహ్నమైతే లోపల పెనం మీద కూర్చున్నట్టుండేది. వచ్చినవాళ్ళు గది చూడకముందే ఏసీ ఉందా అనేవారట. అందుకని విశాఖలో ఏదో హోటలువాళ్ళు మార్చేసిన పాత ఏసీ ఒకటి కొని పెట్టించింది. ఆ తర్వాత వచ్చిన మొదటి బిల్లు పట్టుకుని నేరుగా మా ఆఫీసుకొచ్చింది.

“మీ మీటరు పిచ్చెక్కినట్టు తిరుగుతంది బాబూ. ఏటి కత?” అంది.

ఇలాంటి ఫిర్యాదు వస్తే, అనుమానమున్న మీటరుతో పాటు సరైనదని తెలిసిన మరో మీటరు కలిపి రెండింటినీ పోల్చి చూడటం మా పద్ధతి. పోల్చాం. ఆమె మీటరు బంగారంలా ఉంది. ఇక మిగిలింది ఏసీ. చూడటానికి నేనే వెళ్ళాను.

“ఐదు సుక్కలున్నాయి సూడండి. కరెంటు తక్కువ తాగుద్దని సెప్పే అమ్మినారు” అని ఏసీ మీది స్టిక్కరు చూపించింది.

అమ్మినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఐదు నక్షత్రాలూ ఉన్నాయి. అయితే అవి ఏ సంవత్సరపు కొలతతో ఇచ్చినవో కూడా ఆ స్టిక్కరు మీదే ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. కొన్నేళ్ళకోసారి ఆ కొలతను బిగిస్తారు. ఒకప్పటి ఐదు నక్షత్రాలు ఇప్పటి కొలతకు రెండో మూడో అవుతాయి. పైగా ఆ పాత రకం కంప్రెసరుకి మధ్యస్తం తెలీదు. తిరిగితే పూర్తి వేగంతో తిరుగుతుంది, లేకపోతే ఆగిపోతుంది, ఆగి లేచిన ప్రతిసారీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇన్వర్టరు రకమైతే గది చల్లబడ్డాక తనే నెమ్మదిస్తుంది. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా మెట్లు ఎక్కుతుంది కనుక ఏసీ తాగే కరెంటంతా పై మెట్టు ధరకే పడుతుంది. ఇదంతా విడమర్చి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, కొత్తది కొనే తాహతు లేదు, ఉన్నదాంతో ఏం చెయ్యాలో చెప్పమంది.

సబబైన ప్రశ్న. చల్లదనం బయటికి జారిపోతుంటే ఎన్ని నక్షత్రాలున్నా చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. ఒక ఊదొత్తి వెలిగించి తలుపు కింద పట్టమన్నాను. పొగ పక్కకి వంగి బయటికి పోయింది. కిటికీ రెక్కల దగ్గరా అంతే. పొగ వంగిన చోట గాలి పోతున్నట్టు, నిటారుగా లేచిన చోట పోనట్టు. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి, కిటికీ సందులు మూయించండి అన్నాను. చిన్నమ్మికి ఈ పరీక్ష భలే నచ్చింది. నేను జీపెక్కేటప్పటికి కూడా ఊదొత్తి పట్టుకుని గోడ గోడా తిరుగుతూనే ఉంది.

ఆ చలికాలంలో ఒక సంతరోజు మధ్యాహ్నం. చిన్నమ్మి ఊరికి పోయే ఫీడరు మీద చెట్ల కొమ్మలు కొట్టే పని పెట్టుకున్నాం. లైన్ ఇన్‌స్పెక్టరు లైన్ క్లియర్ తీసుకుని మనుషుల్ని స్తంభాలెక్కించాడు. ఏదో సామాను కోసం లైన్‌మన్ అప్పన్న ఆఫీసుకొచ్చాడు. అతనిదీ చిన్నమ్మి ఊరే. నేను సంతోషిస్తానని ఆ గది కబురు చెప్పాడు.

“గోడకీ రేకుకీ మజ్జిన ఖాళీ కూడా సిమెంటెట్టి మూసేసింది సార్. ఇప్పుడు ఊదొత్తెడితే పొగ కదల్దు. బిల్లు తగ్గిపోనాదని ఊరంతా సెప్పుకుంటంది. కూతురు సుమిత్ర పురిటికొచ్చింది కదా, ఆడగుంట పుట్టింది. తల్లీ పిల్లా ఆ గదిలోనే ఉన్నారు. సుక్క గాలి సొరదు, వెచ్చగుంటాది.”

మంచిదే అన్నాను. అన్న మరుక్షణం ఏదో తట్టి, లోపల కుంపటి పెట్టారా అని అడిగాను.

“బాలింత గదిలో కుంపటెట్టకుండా ఉంటారా సార్?” అని అప్పన్న నవ్వాడు.

బాలింతకూ పసిబిడ్డకూ చలిగాలి సోకకూడదని మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టడం అక్కడ తరతరాల ఆనవాయితీ. ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడానికి కారణం గోడకూ కప్పుకూ మధ్య ఉండే ఆ ఖాళీ. దాన్ని ఎవరూ గాలి కోసమని పెట్టలేదు, ఇల్లంటే అలా ఉండేదంతే. ఇప్పుడు అది లేదు. మూసిన గదిలో బొగ్గు రగిలితే వచ్చే విషవాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు, దగ్గు కూడా రాదు. మైదానంలో పనిచేసే రోజుల్లో ఒక చలికాలం ఉదయం కూలీల రేకుల షెడ్డు తలుపు పగలగొడుతుంటే నేనక్కడే ఉన్నాను. కుంపటి పెట్టుకుని, సందుల్లో గోనెపట్టాలు కుక్కి పడుకున్నారు. కప్పుకున్న దుప్పట్లు కూడా చెదరలేదు. నిద్రపోతున్నారనుకుని ఒకతని భుజం తట్టాను. ఆ భుజం నా చేతికి ఇప్పటికీ గుర్తుంది.

చిన్నమ్మికి ఫోన్ చేశాను. కలవలేదు. ఫీడరు ఆపి చాలాసేపయింది కనుక ఆ ఊరి సెల్ టవరు బ్యాటరీలు కూడా అయిపోయినట్టున్నాయి. సబ్‌స్టేషన్‌కి చెప్పి ఫీడరు వేయిస్తే టవరు లేస్తుంది, ఫోను కలుస్తుంది. ఆ ఆలోచన వచ్చింది. వెంటనే ఫోను జేబులో పెట్టేశాను. స్తంభాల మీద నా మనుషులున్నారు. అప్పన్నని జీపెక్కించుకుని బయల్దేరాను.

సంత ఆ రోజు రోడ్డు మీదికి పొంగింది. అల్లం బస్తాలు, కొండచీపుర్ల మోపులు, మేకలు, వాటి మధ్య అడ్డదిడ్డంగా ఆటోలు. అప్పన్న దిగి “బేగి తప్పుకోండి, బేగి!” అని అరుస్తూ ముందు పరిగెత్తాడు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. బేరమాడుతున్న ముసలమ్మ మీద, కదలని మేక మీద, ఎండ రాని ఆకాశం మీద. భయం ఎక్కువైతే నాకు కోపం వస్తుంది. పసిపిల్ల ఊపిరితిత్తులు ఎంత ఉంటాయో అన్న లెక్క బుర్రలోకి రాకుండా ఆపలేకపోయాను.

మేం చేరేసరికి గది తలుపు మూసి ఉంది. లోపలి నుంచి దుప్పటి కూడా వేలాడదీసినట్టు తలుపు కింద రబ్బరు పట్టీని నెట్టుకుని దాని అంచు కనిపిస్తోంది. చిన్నమ్మి వసారాలో చిక్కుడు గింజలు వొలుస్తోంది.

“ఏటి బాబూ, ఇలాగొచ్చేసినారు? ఇప్పుడు బిల్లు బాగానే వత్తంది కదా” అని లేచింది.

తలుపు తియ్యండి, కుంపటి బయటికి తెచ్చెయ్యండి అన్నాను. ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది. పురిటిగదిలోకి మగవాళ్ళు తొంగి చూడకూడదు. అదీగాక బాలింతకు పొద్దుటి నుంచీ తలనొప్పి, వికారం, కాళ్ళలో సత్తువ లేదట. చలిగాలి సోకిందని తలుపు బిగించి, మరో నాలుగు బొగ్గులు వేసిందట.

“పొగేటీ లేదు బాబూ. కణకణలాడతన్న నిప్పులే. గుంటకి సలేత్తంటే తలుపు తీయమంటారేటి?”

నేను ఆమెను పక్కకి నెట్టబోయాను. అప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నెడితే ఊరు ఊరంతా తలుపు దగ్గర నిలబడుతుంది, అప్పుడు ఎవరూ తియ్యరు. వేసవిలో చూసిన ఊదొత్తిని గుర్తు చేశాను. లోపలి గాలి బయటికి పోవడం లేదని మీరే పరీక్ష చేసి చూశారు కదమ్మా, మరి బొగ్గులు వదిలేది ఎక్కడికి పోతుంది అన్నాను. పొగే లేదని ఆమె మళ్ళీ అంది. చివరికి ఒక్కటే అడిగాను.

“అమ్మా, పిల్ల ఏడ్చి ఎంతసేపయింది?”

చిన్నమ్మి జవాబు చెప్పబోయి ఆగింది. నా ముఖంలోకి చూసింది. గూటిలో ఉన్నంత హాయిగా పడుకుందని అప్పటిదాకా మురిసిపోయి ఉంటుంది. పాలకి కూడా లేవలేదని అప్పుడే తట్టినట్టుంది. చేతిలో చిక్కుడు గింజలు జారిపోయాయి. “సంటిది పొద్దుట్నుంచి కుయ్యిమన్లేదు” అని, వెనక్కి తిరిగి తలుపు తోసింది.

నేను గడప దాటలేదు. దాటే అవసరం ఆమె రానివ్వలేదు. కుంపటి అంచుల్ని ఒట్టి చేతులతోనే పట్టుకుని ఈడ్చుకొచ్చి వాకిట్లోకి విసిరేసింది. బొగ్గులు చెల్లాచెదురయ్యాయి. తర్వాత పిల్లని ఎత్తుకొచ్చి వసారాలో పెట్టింది. సుమిత్ర తనంతట తానే లేచి, రెండడుగులు వేసి గుమ్మంలో కూలబడి వాంతి చేసుకుంది. అప్పన్న భుజం పట్టి బయటికి లాక్కొచ్చాడు. ఆ క్షణంలో ఎవరికీ మైల గుర్తు రాలేదు.

పిల్ల కదలలేదు. చిన్నమ్మి అరికాళ్ళు రుద్దింది, వీపు నిమిరింది, పేరు ఇంకా పెట్టలేదేమో “గుంటా, ఓ గుంటా” అని పిలిచింది. నేను వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. నా ఉద్యోగంలో నేర్చుకున్న ఒక్క పనీ అక్కడ పనికి రాలేదు. తియ్యడానికి స్విచ్ లేదు. ఆ భయాన్ని వర్ణించే శక్తి నాకు లేదు, వర్ణించాలని కూడా లేదు. కాసేపటికి పిల్ల తుమ్మింది. తర్వాత సన్నగా, ఎవరి మీదో విసుక్కున్నట్టు ఏడ్చింది.

డిపార్ట్‌మెంటు జీపులో ప్రైవేటు మనుషుల్ని ఎక్కించకూడదన్నది నిబంధన. తల్లినీ పిల్లనీ ఎక్కించుకుని సంత మధ్య నుంచే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం దాకా ఉంచి ఉంటే చేతికి దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. చిన్నమ్మి కాలిన చేతులకు మందు రాయించుకుంటూ నాతో ఒకే మాట అంది. “సందులు మూసినప్పుడు సల్లదనమే గుర్తుంది బాబూ. నిప్పు గుర్తుకు రాలేదు.” సుమిత్రకు తలనొప్పి కొన్ని వారాలు ఉంది. పిల్లకు ఏమీ కాలేదు.

మరుసటి వేసవిలో ఆ ఊరు వెళ్ళినప్పుడు గది చూశాను. గోడకూ రేకుకూ మధ్య సిమెంటంతా ఊడగొట్టించి, ఎలుకలు రాకుండా వల కొట్టించింది. కింద ఏసీ నడుస్తోంది, పైనుంచి చల్లదనం కాఫీ తోటలోకి పోతోంది. నా ఇంజనీరు ప్రాణం ఒప్పుకోలేదు. అక్కడ ఒక రెక్క పెట్టించండి, వేసవిలో మూసి, చలికాలంలో తీసి ఉంచొచ్చు, బిల్లు తగ్గుతుంది అన్నాను.

“రెక్కంటూ ఉంటే ఎవులో ఒకలు మూసేత్తారు బాబూ” అంది చిన్నమ్మి, మనవరాలిని చంకలో సర్దుకుంటూ.

మా ఎర్త్ రాడ్ల వెనక ఉన్న సూత్రమూ అదే. ఆ తర్వాత కరెంటు పొదుపు గురించి ఎక్కడ మాట్లాడమన్నా నక్షత్రాల గురించీ, స్టిక్కరు మీది సంవత్సరం గురించీ, సందుల గురించీ చెప్పి, చివర వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో నిప్పు ఎక్కడ పెడతారో అడిగి తెలుసుకున్నాకే కూర్చునేవాణ్ణి. ఏసీ ఎంత కరెంటు తాగుతుందో చెప్పడం వరకే స్టిక్కరు పని. ఆ గదిలో ఎవరు పడుకుంటారో దానికి తెలీదు.

చిన్నమ్మి బిల్లు మళ్ళీ పాత చోటికే చేరింది. మీటరు పిచ్చెక్కినట్టు తిరుగుతోందని మాత్రం ఆమె మరెప్పుడూ మా ఆఫీసుకు రాలేదు.