తాసిల్దార్ కాలరు, దొరస్వామి మామ మెడ

“కాలరు కుక్కకా, నీకా?”

తిరుత్తణి బజారులో తాళ్ళూ గంటలూ గొలుసులూ అమ్మే ధనకోటి ఈ ప్రశ్న అడిగే సమయానికి మా దొరస్వామి మామ ఒక తోలు కాలరు తన మెడకు బిగించుకుని, బకిల్ పెట్టుకుని, అద్దం కోసం చుట్టూ చూస్తున్నాడు.

“కుక్కకేబ్బా,” అన్నాడు నొక్కుకుపోయిన గొంతుతో. “దానికి మాటలు రావు గదా. ఒరుసుకుంటాదో, పొడుచుకుంటాదో ఎట్ల చెప్తాది?”

మా మామకు ఉన్నది ఒకటే జబ్బు. ఏ వస్తువైనా ముందు తన ఒంటి మీద వాడి చూడందే ఇంటికి తేడు. పశువుల దాణా మూట విప్పితే మొదటి పిడికెడు ఆయన నోట్లోకే పోతుంది. “ఉప్పు తక్కువైంది” అని తీర్పు చెప్పి, మూట వెనక్కి పంపుతాడు. బండెద్దుకు కొత్త కాడి కొన్నప్పుడు ఒక పక్క ఎద్దును కట్టి, రెండో పక్క తానే మెడ పెట్టాడు. మామ నడిచాడు గానీ, ఎద్దు సిగ్గుపడి నడవలేదు.

చెల్లెలి మనవరాలికి ఉయ్యాల కట్టినప్పుడు కూడా అంతే. బారసాల రోజు చుట్టాలందరి ముందూ మామ అందులోకి ఎక్కి పడుకున్నాడు. దూలానికున్న కొక్కెం ఊడింది. కింద పడ్డచోటి నుంచే, “గుడ్డ మెత్తగానే ఉండాది, కొక్కెమే సరిలేదు” అన్నాడు.

“మా ఇంట్లో కుక్కరు కొన్నప్పుడు మాత్రం లోపలికి పోలేదు నాయనా,” అంటుంది మా అత్త సుబ్బమ్మ. “పట్టక.”

వీటన్నిటికీ తలమానికం మా వీధి యేసురత్నం ఇంట్లో జరిగింది. వాళ్ళ నాయన పోయినప్పుడు తిరువళ్ళూరు నుంచి ఐసు పెట్టె తెప్పించారు. శవాన్ని పెట్టకముందే మామ అందులో పడుకుని మూత వేయించుకున్నాడు. పొన్నేరి నుంచి రెండు రైళ్ళు మారి వచ్చిన యేసురత్నం మేనత్త గుండెలు బాదుకుంటూ పెట్టె మీద పడింది. మామ మర్యాద తెలిసిన మనిషి. మూత ఎత్తి లేచి కూర్చుని, “రామ్మా, రైలు లేటా?” అని పలకరించాడు. ఆమెకు తెలివి వచ్చేసరికి అరగంట పట్టింది. ఈలోగా మామ యేసురత్నంతో, “కాళ్ళ కాడ సల్లదనం చాల్లా, వేరే పెట్టె తెప్పించుబ్బా” అని చెప్పి, తెప్పించేదాకా కదల్లేదు.

ఇక కుక్క సంగతి. అది చిప్పిపారై జాతి వేట కుక్క. బాణం లాంటి మూతి, కొడవలి లాంటి నడుము. పేరు తాసిల్దార్. రోజూ తప్పకుండా బయల్దేరి, రోజంతా తిరిగి, ఏ పనీ కాకుండా ఇల్లు చేరుతుందని మామే ఆ పేరు పెట్టాడు. కుందేళ్ళ జోలికి పోతే అటవీ శాఖ వాళ్ళు కేసు పెడతారు. అందుకని తాసిల్దార్ తన వేటను చెరువులోకి మార్చుకుంది. పొద్దున్నా సాయంత్రమూ నీటికోళ్ళ వెంట అవతలి గట్టు దాకా ఈదుతుంది. ఇంతవరకూ ఒక్క ఈక కూడా నోట కరిచింది లేదు.

చిక్కల్లా ఆటో మైకుతో వచ్చింది. మెడలో కాలరూ, కాలరుకు టీకా బిళ్ళా లేని కుక్కల్ని సోమవారం బండి వచ్చి పట్టుకుపోతుందని పంచాయతీ వాళ్ళు ఊరంతా చాటించారు. తాసిల్దార్‌కు టీకా అయింది, బిళ్ళా ఉంది. కాలరే నిలవడం లేదు. నీళ్ళలో నానీ ఎండలో ఎండీ ఉన్న కాలరు కుళ్ళి, చెరువు పాలయింది. సోమవారం లోపల ఈతకు ఆగే కాలరు దొరక్కపోతే కుక్క దక్కదు.

ఎవరైనా ఏం చేస్తారు? కుక్కను వారం రోజులు ఇంట్లో కట్టేస్తారు. నేను అదే అన్నాను.

“నిన్ను వారం దినాలు కట్టేస్తే ఊరుకుంటావా అల్లుడూ?” అన్నాడు మామ. ఆ మాట అన్నాక నన్ను కాసేపు తేరిపార చూశాడు. ఎక్కడ కట్టి చూస్తాడో అని నేను జాగ్రత్తగా లేచి వెళ్ళిపోయాను.

తోలు కాలరుతో మొదలుపెట్టాడు. దాన్ని మెడకు వేసుకుని కుక్కతో పాటు రెండు పూటలా చెరువులో ఈదాడు. రెండో రోజుకు అది ఎండు చేపలా బిగుసుకుపోయి, వాసన కూడా ఆ చేపదే పట్టుకుంది. సుబ్బమ్మత్త మామ పక్క తీసి వసారాలో, తాసిల్దార్ పక్కన వేసింది. తెల్లారి కుక్కే లేచి వాకిట్లోకి పోయి పడుకుంది.

తర్వాత ఇనుప గొలుసు. తుప్పు పట్టి మెడ చుట్టూ ఎర్రటి గీత గీసింది. ఆ తర్వాత నైలాన్ పట్టీ. అది తెగదు గానీ ఆరదు. ఒక పూట నానితే మరునాటిదాకా తడే. తడి కింద చర్మం చిట్లి కమిలింది. ఆ మెడతోనే తిరువళ్ళూరులో పెళ్ళికి వచ్చాడు, కాలరు తియ్యకుండా.

“ఏంది బావా, మెడకేమైంది? దెబ్బ తగిలిందా?” అని వియ్యాలవారి తరఫు జయరామ పాపం ఆదుర్దాగా అడిగాడు.

“లేదు బావా, టెస్టింగులో ఉండా,” అన్నాడు మామ సాంబారు పోయించుకుంటూ.

నా పక్కన కూర్చున్న పెద్దమనిషి నా చెవిలో, “యాడ చూపిస్తా ఉండారు? మంచి డాక్టరేనా?” అన్నాడు. మామ ఎవరో నాకు తెలియదన్నట్టు అప్పడం విరుచుకున్నాను.

శుక్రవారం ధనకోటి చెన్నై నుంచి కొత్త రకం తెప్పించాడు. లోపల నాడా, పైన దళసరి ప్లాస్టిక్ పూత, ఇత్తడి బకిల్. నీళ్ళు పీల్చదు, వాసన పట్టదు, గుడ్డతో తుడిస్తే క్షణంలో ఆరిపోతుంది. మామ మొహం వెలిగిపోయింది. వెంటనే దాన్ని వేసుకుని చెరువులో మునిగాడు. తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడే ఉద్యోగం నాది.

మునిగినవాడు తేలలేదు.

నీళ్ళ కింద సీమతుమ్మ మోడు ఒకటి ఉంది. దాని కొమ్మ కాలరులో దూరింది. నేను దూకేలోగా తాసిల్దార్ ఈదుకుంటూ పోయి, బుడగలు వచ్చేచోట గుండ్రంగా తిరుగుతూ మొరిగింది. దాని జీవితంలో అది చేసిన మొదటి ప్రభుత్వోద్యోగం. నేను తడుముకుని బకిల్ ఊడదీసి, మామ జుట్టు పట్టి పైకి లాగాను.

మామ నోట్లోంచి ముందు నీళ్ళు వచ్చాయి. తర్వాత మాట వచ్చింది.

“శభాష్! తెగలా!”

“నువ్వు తెగుండేవాడివి మామా!”

ఆయన గట్టు మీద చతికిలబడ్డాడు. కుక్క మెడ నిమిరాడు. “అవును గదా,” అన్నాడు చివరికి. “నాకు నువ్వుండావు. వీడొక్కడే ఉండింటే?”

తడి బట్టలతోనే తిరుత్తణి బస్సు ఎక్కాడు. ధనకోటి చేత ఆ కాలరును మధ్యలో కోయించి, ట్రాక్టరు ట్యూబు ముక్క ఒకటి అతికించి కుట్టించాడు. రబ్బరు కనుక నీళ్ళకు చెడదు. మామూలుగా మెడకు పట్టి ఉంటుంది. ఎక్కడైనా తగులుకుంటే సాగి, తల బయటికి జారుతుంది.

“జారితే బిళ్ళ కూడా పోతాది గదా మామా?”

“బిళ్ళ పోతే ఇంకోటి అడుక్కోవచ్చు. తల యాడ అడుక్కునేది?”

అక్కడితో కథ ముగిసిందనుకున్నాను. శనివారం మామ మెడకు నాలుగు కాలర్లు, మోచేతులకు రెండు, మోకాలికి ఒకటి వేసుకుని వాకిట్లో కోళ్ళకు గింజలు చల్లుతూ కనిపించాడు.

“ఇన్నెందుకు?”

“సైజులు చూస్తా ఉండా.”

“తాసిల్దార్‌కు ఒకే మెడ గదా?”

“నీకు సదువెక్కువైంది, పో.”

ఆదివారం నేను పని మీద చెన్నై వెళ్ళి సోమవారం పొద్దున రైల్లో తిరిగి వచ్చాను. నేను ఊరు చేరేసరికి కుక్కల బండి వీధి మధ్యలో ఆగి ఉంది. వల భుజాన వేసుకుని తణికైవేల్ అనే ఉద్యోగి తల గోక్కుంటున్నాడు. వీధిలో ఉన్న ప్రతి కుక్క మెడలోనూ కాలరు. ప్రతి కాలరులోనూ రబ్బరు ముక్క. ప్రతిదానికీ టీకా బిళ్ళ.

“పశువుల డాక్టరును నిన్న పిలిపించి, ఇడ్లీలు పెట్టి, అన్నిటికీ సూది వేయించినాడు,” అంది సుబ్బమ్మత్త నాతో. “మొదటి సూది తనకెయ్యమన్నాడు. డాక్టరు లేచి బండెక్కబోతే నేను కాళ్ళావేళ్ళా పడి ఆపినా.”

తణికైవేల్ ఒక్కొక్క దాన్నీ చూపిస్తున్నాడు.

“ఇదెవురిది సామీ?”

“నాదే.”

“ఆ చెవి తెగింది?”

“నాదే.”

“బస్టాపు కాడ పండుకోనుండేది?”

“అదీ నాదే. పగలు ఆడే ఉంటాది, రేత్రీ ఆడే ఉంటాది. అయినా నాదే.”

“అట్లయితే పేర్లు చెప్పు సామీ, చూస్తాం.”

మామ తడుముకోలేదు. “డిప్టీ తాసిల్దారు, ఆర్ఐ, వీఏఓ, సర్వేయరు, తలారి...” అంటూ తాలూకా ఆఫీసు ఉద్యోగులందర్నీ వరసపెట్టి, వీధి పొడుగునా వేలు చూపించుకుంటూ పోయాడు. సర్వేయరు అనగానే ఒక ఆడకుక్క నిజంగానే తల ఎత్తింది.

తణికైవేల్ నవ్వు ఆపుకోలేక వల తీసుకెళ్ళి బండిలో పడేశాడు.

మూగజీవాల సేవ అని ఎవరైనా మైకు పడితే నాకు ఆవలింతలు వస్తాయి. అయినా ఆ రోజు ఏదో ఒకటి అనాలనిపించింది. “మామా...” అన్నాను.

“ఏం లేదప్పా,” అన్నాడు, మోకాలి మీద కాలరు చేసిన గాటుకు కొబ్బరి నూనె రాసుకుంటూ. “తాసిల్దార్‌కి ఒరుసుకుంటే సూసేదానికి నేనుండా. ఈటికి ఒకతూరి వేస్తే మల్లా విప్పి సూసేవాళ్ళెవురు? ఈతగాడి మెడలో నిలిస్తే వీధికుక్క మెడలో జన్మంతా నిలుస్తాది. అంతే లెక్క. కాఫీ తాగుతావా?”

అత్త తెచ్చిన కాఫీ నాకంటే ముందు మామ ఒక గుక్క తాగి, వేడి సరిపోయిందని చెప్పి, నా చేతికిచ్చాడు.

బండి ఎక్కబోతూ తణికైవేల్ వెనక్కి తిరిగి, పెంపుడు కుక్కకు ఏడాదికి యాభై రూపాయలు రుసుము కట్టాలని గుర్తు చేశాడు. మామ తాసిల్దార్‌కు అక్కడికక్కడే కట్టేశాడు. మిగతా పదిహేడు కుక్కల తాలూకు ఎనిమిది వందల యాభై రూపాయలు మా మామ పంచాయతీకి ఇంకా బాకీ.