కరీంనగర్ సముద్రంలో వంట సోడా

సముద్రాన్ని మజ్జిగ చేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, నేనే. అదీ ఏ తుపానులోనో, నడిసముద్రంలోనో కాదు. కరీంనగర్‌లో, దసరా పండుగ పూట, ఇస్త్రీ నలగని కొత్త చొక్కా వేసుకుని, అత్తగారింట్లో చేశాను. పెద్దవాళ్లు కాసేపు అలా బయటికి వెళ్లొచ్చేలోపు పని పూర్తి చేశానంటే నా వేగం మీరే ఊహించుకోండి.

కరీంనగర్‌లో సముద్రం ఎక్కడిదని అడుగుతారేమో. మా అత్తమ్మ హాల్లో ఉంది. ఆమె జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఎప్పుడో పిల్లలను స్టడీ టూరుకు తీసుకెళ్లినప్పుడు మొదటిసారి సముద్రాన్ని చూసిందట. పిల్లలంతా అలల్లో గెంతుతుంటే ఆమె మాత్రం బండల సందులో నిలిచిన నీళ్లలోకి వంగి, బస్సు హారన్ కొట్టేదాకా లేవలేదట. ఇంటికొచ్చాక ఇంకేముంది, హాల్లో సోఫా ఉండాల్సిన చోట ఉప్పునీళ్ల అక్వేరియం వెలిసింది. చుట్టాలొస్తే కుర్చీలు తెచ్చుకుని కూర్చోవాలి. రోహిణీ కార్తెలో మనుషులకు కూలర్ వేస్తారో లేదో గానీ, ఆ నీళ్లకు మాత్రం చల్లబరిచే మెషిన్ తిరగాల్సిందే. రోళ్లు పగిలే ఎండల్లో, సముద్రమనేది కనుచూపు మేరలో లేని ఊళ్లో, ఏళ్ల తరబడి ఒక్క చేప కూడా అలసిపోకుండా చూసుకున్న మనిషి ఆమె. నిజం చెప్పాలంటే నాకు పెళ్లిచూపుల్లో మౌనిక కంటే ముందు నచ్చింది ఆ అక్వేరియమే. ఈ సంగతి మౌనికకు తెలుసు, కాబట్టి మీరు చాడీలు మోయనక్కర్లేదు.

ఆ సముద్రానికి ఏలికలు మల్లయ్య, మల్లవ్వ. నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలుండే చేపల జంట. వీటి జాతిలో ఆడదే పెద్దది, పెత్తనం దానిదే. మా పెళ్లయ్యాక వచ్చిన ఆ మొదటి దసరాకు నేను వెళ్లేసరికి మల్లవ్వ బోర్లించిన కుండ పెంకు మీద గుడ్లు పెట్టి ఉంది. మొట్టమొదటిసారి! మల్లయ్య ఆ గుడ్ల దగ్గరే కాపుండి, రెక్కలతో పొద్దస్తమానం విసురుతున్నాడు. మల్లవ్వ అటూ ఇటూ తిరుగుతూ అజమాయిషీ చేస్తోంది. మా మామ అది చూసి, "మన ఇల్లు లెక్కనే ఉన్నది" అన్నాడు. అత్తమ్మ నవ్వలేదు. ఆమె ముక్కు గాజుకు ఆనించి గుడ్లనే చూస్తోంది.

"ఎన్నేండ్ల సంది సూస్తున్ననో అల్లుడుగారూ. గీ గుడ్లు పిల్లలైతే సాలు, ఇంకేం అడుగ," అంది.

ఆ మాట నా గుండెలో నాటుకుంది. నాటుకుని ఊరుకుంటే బాగుండేది.

నేను పుట్టింది నిర్మల్‌లో, కొలువు హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్‌లో. అంటే ఫోనులో కనిపించనిదేదీ ఈ లోకంలో లేదని నమ్మే జాతి. అత్తమ్మ రోజూ చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి నీళ్ల ఆరోగ్యం చెబుతుంది. అది చూసినప్పుడల్లా నాకు జాలి వేసేది. అందుకే పండుగ కానుకగా ఒక యంత్రం పట్టుకెళ్లాను. గోడకు తగిలించే పెట్టె ఒకటి, దానికి మూడు వైర్లు, వైర్ల చివర నీళ్లలో ముంచే పెన్నుల్లాంటి మూడు గొట్టాలు. ఒకటి వేడి చెబుతుంది, ఒకటి ఉప్పు చెబుతుంది, మూడోది నీళ్ల పులుపు చెబుతుంది. దాన్నే పీహెచ్ అంటారు. సముద్రానికి అది ఎనిమిది దాటి ఉండాలి. అంకె తగ్గిందంటే నీళ్లు పుల్లబడుతున్నట్టు. అన్నీ ఫోనులో కనిపిస్తాయి. తేడా వస్తే పెట్టె మోగుతుంది. మోతల్లో నేను ఎంచుకున్నది అన్నింటికంటే గట్టిదాన్ని.

"ఇగ మీరు సుక్కలు ఏసుకుంట కూసునుడు బందు అత్తమ్మా. ఫోన్ల సూసుకునుడే," అన్నాను దర్జాగా.

"మంచిది అల్లుడుగారూ," అంది అత్తమ్మ. కొత్త అల్లుడి మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. ఆ వినయమే నా కొంప ముంచింది.

గొట్టాలను ముంచాల్సింది సంపులో. సంపు అంటే ఇంటి ముందు నల్లా నీళ్లు పట్టుకునే గొయ్యి కాదు. అక్వేరియం కింద చెక్క అరలో మూడు గదుల గాజుపెట్టె ఉంటుంది. పై నీళ్లు మొదటి గదిలోకి దూకుతాయి, మధ్య గదిలో తేరుకుంటాయి, మూడో గదిలోని పంపు వాటిని మళ్లీ పైకి తోలుతుంది. మొదటి గదిలో నురగ ఎక్కువ, గొట్టాలకు గాలి బుడగలు అంటితే లెక్క తప్పుతుంది. మూడో గదిలో నీళ్లు ఆవిరై మట్టం దిగుతుంటుంది, గొట్టం మొన బయటపడుతుంది. చల్లటి నీళ్లొచ్చే పైపు పక్కన పెడితే వేడి తప్పు చూపిస్తుంది. ఇవన్నీ నేను వీడియోల్లో చూసి చూసి కంఠతా పట్టాను. మధ్య గదిలో, గాజు అడ్డం దాటాక, వెలుతురు పడని మూల నా వేలు పెట్టి, "ఇగో, ఇక్కడ" అన్నాను. అత్తమ్మ వంగి చూసి, "జాగ మంచిగ సూసిండ్రు," అంది. ఆ మెప్పుకు నేను అంగుళం పొడుగు పెరిగాను.

పులుపు చూసే గొట్టం మొన పల్చటి గాజు బుడ్డి. అది ఎండిపోకూడదని దానికో చిన్న మూత, మూతలో కాస్త పుల్లటి మందునీళ్లు పోసి ఇస్తారు. పొద్దున్నే దాన్ని తీసి, లెక్క సరిచేసి, బుద్ధిగా మళ్లీ మూత పెట్టాను. ముంచేటప్పుడు తీద్దాంలే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మామ హారతి పళ్లెంతో వచ్చాడు.

మామకు హార్డ్‌వేర్ దుకాణముంది. దసరా వచ్చిందంటే ఆయన చేతి నుంచి ఏ యంత్రమూ తప్పించుకోదు. స్కూటరు, మిక్సీ, బోరు స్టార్టరు, అత్తమ్మ కుట్టుమిషను, అన్నీ అప్పటికే బొట్లు పెట్టుకుని ఉన్నాయి.

"కొత్త సామాన్ను పూజ చేయకుండ నీళ్లల్ల ముంచుతరా అల్లుడుగారూ, పండుగ పూట?"

వంటింట్లోంచి అత్తమ్మ గొంతు వచ్చింది. "పూజ చేస్తే చేసుకోండ్రి గని, పసుపు కుంకుమ ఒక్క సుక్క గా నీళ్లల్ల పడ్డా నేను ఊకోను!"

మామ జర ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాడు. గోడ మీది పెట్టెకు నిండుగా బొట్లు పెట్టాడు. మునిగే గొట్టాలకు మాత్రం ఉత్త తెల్ల దారం. ఒక్కోదానికి దారం చుట్టలు చుట్టలుగా చుట్టి, దండం పెట్టి, ముడేశాడు. పులుపు గొట్టానికి సరిగ్గా మూత అతుకు మీదే చుట్టాడు. ఇప్పుడది మూత ఉన్న గొట్టంలా లేదు, పుట్టుకతోనే అలా ఉన్నట్టు ఉంది.

"కట్టిన దారం పండుగ ఎల్లేదాంక విప్పొద్దు," అన్నాడు మామ.

"అట్లనే మామా," అన్నాను. పెద్దల మాట కాదనని అల్లుణ్ణి కదా. దారంతో సహా, మూతతో సహా, భక్తితో సహా ముంచేశాను.

సాయంత్రం అత్తమ్మ, మామ జమ్మి పూజకు బయల్దేరారు. మౌనికకు తలనొప్పి, నాకు యంత్రం కాపలా. అత్తమ్మ చెప్పులేసుకుంటూ రెండుసార్లు వెనక్కి వచ్చి గుడ్లను చూసుకుంది. "ఫికర్ చేయకుండ్రి అత్తమ్మా, నేనున్న గదా," అన్నాను.

వాళ్లు సందు మలుపు తిరిగాక, పండుగ హడావిడిలో పొద్దున్నుంచి ఆపి ఉంచిన పెట్టెకు స్విచ్ వేశాను. వేశానో లేదో, మోగింది. ఫోను తీసి చూశాను. వేడి బాగుంది, ఉప్పు బాగుంది. పీహెచ్ నాలుగు. నాలుగు!

"మౌనీ! సముద్రం పులిసిపోయింది!"

మౌనిక నుదుటికి పట్టీ కట్టుకుని వచ్చింది. "ఏమైంది? ఎందుకట్ల ఒర్రుతున్నవ్?"

"నాలుగున్నది! టమాట పులుసు లెక్క అయ్యింది! గుడ్లు ఉడికిపోతయ్!"

ఆమె అక్వేరియం వైపు చూసింది. "చేపలు మంచిగనే తిరుగుతున్నయ్ గద."

"చేపలకేం తెలుసు!" అన్నాను.

పాఠకులారా, ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదవండి. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లలో బతుకుతున్న చేపలకు ఏమీ తెలియదట. పొద్దున డబ్బాలోంచి తీసిన పెట్టెకు తెలుసట.

"ముందుగాల అవ్వకు ఫోన్ చెయ్యి," అంది మౌనిక.

అత్తమ్మకు చేశాను. అటు డప్పులు దద్దరిల్లుతున్నాయి. "అత్తమ్మా, నాలుగైంది!" అని అరిచాను.

"ఏంది? నాలుగెప్పుడో అయ్యింది అల్లుడుగారూ, ఆరు కొడుతున్నది! ఆకలైతే గారెలున్నయ్, తినుండ్రి!" అని పెట్టేసింది.

ఇక లోకంలో నేనూ, ఇంటర్నెట్టూ మిగిలాం. పులుపు విరగాలంటే సోడా వేయాలని ఎవరో మహానుభావుడు రాశాడు. ఎంత వేయాలో కూడా రాసే ఉంటాడు, అంతదాకా చదివే ఓపిక ఎవరికి? వంటింట్లోకి పరిగెత్తి, మిర్చి బజ్జీల కోసం ఉంచిన వంట సోడా డబ్బా తెచ్చి సంపులో ఒక గుప్పెడు వేశాను. ఫోను చూశాను. నాలుగు. ఇంకో గుప్పెడు. నాలుగే. అంకె కదలదే! ఎలా కదులుతుంది, ఆ గొట్టం తన మూతలోని మందునీళ్లను తప్ప వేరే లోకాన్ని చూస్తేగా? నాకది తెలియదు. డబ్బానే బోర్లించబోయాను.

"పిచ్చిగాని లేసిందా నీకు?" అని మౌనిక డబ్బా లాక్కుంది.

అప్పటికే పంపు తన పని తాను చేసింది. తెల్లటి మబ్బు పైకి ఎక్కి, హాల్లోని సముద్రమంతా పరుచుకుంది. మల్లవ్వ కనబడటం లేదు. కుండ పెంకు కనబడటం లేదు. పెట్టె మాత్రం బొట్లు పెట్టుకుని అరుస్తూనే ఉంది. నాకు నిజంగా భయం వేసింది. ఏళ్ల తరబడి ఒక మనిషి కన్న కల ఆ తెలుపు వెనకాల ఉంది, దాన్ని నా చేతులతో నేనే చెడగొట్టాను. నేను నిర్మల్ కొయ్యబొమ్మలా నిలబడిపోయాను.

గేటు చప్పుడైంది. జమ్మి ఆకు చేతిలో పట్టుకుని అత్తమ్మ లోపలికొచ్చింది. చూసింది. నేను ఆమె కాళ్లకు దండం పెట్టాలా, కాళ్ల మీద పడాలా అర్థం కాక మధ్యలో ఆగాను.

"అత్తమ్మా, నాలుగు..." అన్నాను.

ఆమె ఫోను చూడలేదు. పెట్టెను చూడలేదు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, గాజుకు ముక్కు ఆనించి, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"మల్లయ్య ఇసురుతనే ఉన్నడు," అంది. "గుడ్ల మీదికెల్లి కదల్లే."

అప్పుడు కిందికి వంగి, పులుపు గొట్టాన్ని పైకి లాగింది. తడిసిన దారాన్ని గోటితో విప్పింది. మూత పీకింది. గొట్టాన్ని మళ్లీ నేను చూపించిన అదే మూలన ముంచింది. ఫోనులో అంకె లేచింది. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది దాటి ఆగింది. పెట్టె నోరు మూసుకుంది. అప్పుడు మామ ముందుకొచ్చి, "దారం విప్పొద్దన్నది నేనే," అన్నాడు.

అత్తమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె పట్టుచీర కొంగు బిగించి, "ఇద్దరు బకెట్లు పట్టుకోండ్రి," అంది. ఎప్పుడు ఏ ఆపదొస్తుందోనని ఉప్పు కలిపిన నీళ్ల డ్రమ్ము ఒకటి వరండాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతుందట. మేం మోస్తుంటే ఆమె పాత నీళ్లు తీస్తూ, కొత్తవి సన్నటి ధారగా పోస్తూ, మధ్య మధ్యలో మల్లయ్యను చూస్తూ, చేయి వణకకుండా పని చేసింది. అంతటి నిబ్బరాన్ని నేను ఏ ఆఫీసులోనూ, ఏ పెద్ద బాసులోనూ చూడలేదు. నీళ్లు తేటపడి, కుండ పెంకు మీద గుడ్లు మళ్లీ మెరిసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సోడా పడిందని మౌనికకు చెప్పాను. ఆమె నమ్మినట్టు నటించింది.

"జాగ మంచిగనే సూసినవ్ బిడ్డా," అంది అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ. "మూత ఒక్కటే మరిసినవ్. రా, గారెలు తిందువు."

ఆ పూటతో అల్లుడుగారిలోని గారు పోయింది. పోయినందుకు ఇప్పటిదాకా బాధపడలేదు, అప్పుడే ఆ ఇంటివాణ్ణయ్యాను.

గుడ్లు పగిలి పిల్లలయ్యాయి. వాటి కోసం అత్తమ్మ కూల్‌డ్రింక్ సీసాల్లో పచ్చటి నీళ్లు పెట్టి, కంటికి కనబడని పురుగులను పెంచింది. కాలేజీకి పోయేముందు తినిపించింది, వచ్చాక తినిపించింది. అంత చేసినా చాలా పిల్లలు దక్కలేదు. దక్కినవాటిలో ఒకటి మిగతా అన్నింటికంటే హుషారు. గాజు దగ్గరికి ఎవరెళ్లినా ముందు అదే ఎదురొస్తుంది. దానికి అత్తమ్మ పెట్టిన పేరు సోడయ్య.

కాబట్టి సోడయ్య సాక్షిగా, మొన్న దసరా నాడు, ఆ అక్వేరియం ముందు నిటారుగా నిలబడి, అందరూ వింటుండగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మూత తీయకుండా దేన్నీ నీళ్లలో ముంచను. చేపను చూడకుండా ఫోను చూడను. భూమ్యాకాశాలు ఏకమైనా సరే, వంట సోడాను మిర్చి బజ్జీలకు తప్ప వాడను.

అత్తమ్మ అంతా శ్రద్ధగా వింది, మెచ్చుకోలుగా తలూపింది. ఆ తర్వాత మౌనికను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. నాకు వినబడేంత మెల్లగా.

"అల్లుడు ఉన్నన్ని దినాలు జర గా సోడా డబ్బా మీది అరల దాసిపెట్టు బిడ్డా."