కదలని తెల్లమచ్చ

ఆ రోజుల్లో మబ్బును కిందనుంచి చూసేవాడికి తడిసిన ఒళ్లు దక్కేది, పైనుంచి చూసేవాడికి జీతం దక్కేది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న పరిశోధన ఆఫీసులో చేరడంతో నాకు రెండోది దక్కింది. ఉపగ్రహం తీసిన మేఘాల చిత్రాలు ముందేసుకుని, పట్నాలను ముంచే వానలకు ఎలాంటి మబ్బులు కారణమో తేల్చడం నా పని. శ్రీకాకుళం తీరంనుంచి వలస వచ్చి చేపలవేటతో మమ్మల్ని పెంచిన మా అయ్య, "మావోడు మబ్బులాఫీసరు" అని జెట్టీ అంతా చెప్పుకునేవాడు. (నేనూ కాదనలేదు. వినడానికి బాగుండేది.)

ఒక మధ్యాహ్నం వరసగా వచ్చిన చిత్రాల్లో మా ఊరిమీద ఒక తెల్లమచ్చ కదలకుండా కూర్చుంది. గాలికి ఒక మబ్బు ముందుకు పోతుంటే, దాని వెనక అదేచోట మరొకటి పుడుతోంది. అంటే వానంతా ఒక్కచోటే పడుతుంది. కాలువలు పూడిపోయిన మా పల్లపు వీధి గుర్తొచ్చి మా ఆఫీసు పెద్దసారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన చిత్రాన్ని మురిపెంగా చూసుకుని, ఇంత చక్కని ఉదాహరణ ఎన్నాళ్లకు దొరికిందని నన్ను మెచ్చుకున్నారు. ఊళ్లోవాళ్లకు చెబుదామంటే, "మనది స్టడీ. వార్నింగ్ మన పని కాదు" అన్నారు.

సెలవు అడిగి (అది మాత్రం వెంటనే ఇచ్చారు) వీధికి పోయాను. అప్పటికింకా చినుకులే. పక్కింటి దీదీ ఆ చినుకులకేసి చూసి నవ్వింది. "అరే భయ్యా, బారిష్ కూడా మీ ఆఫీసుకి చెప్పే వస్తాదా?"

అయ్య అప్పుడే కొత్త వల అల్లించి రేకుల పాకలో పెట్టుకున్నాడు. దాన్ని గుట్టమీది చుట్టాలింటికి చేరుద్దామని బతిమాలాను.

"సముద్రంలో నానే వలకి వానేటి సేస్తాదిరా?" అన్నాడు.

వల పాకలోనే ఉండిపోయింది. చీకటి పడకముందే నీళ్లు నడుముదాకా వచ్చాయి. పాక కూలింది. వరద ఆ వలను సముద్రానికే మోసుకుపోయింది, అయ్య లేకుండా. ఆ తర్వాత ఆయన సొంత వల కొనలేదు. చివరిదాకా ఇంకొకరి పడవలో కూలికి వెళ్లాడు.

కొన్ని నెలలకు ఆ చిత్రాన్ని పెద్దది చేయించి ఆఫీసు గోడకు తగిలించారు. మెయిన్‌ల్యాండ్‌నుంచి పెద్దలొచ్చారు. బెత్తంతో చూపించే పని నాది. వరద సరిగ్గా ఇక్కడే వచ్చిందని ఎలా చెప్పగలవని ఒకాయన అడిగారు.

"ఈ మచ్చ కింద మా ఇల్లుంది సార్" అన్నాను.

హాస్యమనుకుని అందరూ నవ్వారు. అంత చిన్నవి ఇందులో కనబడవని పెద్దసారు సర్దిచెప్పారు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. బెత్తం పట్టుకుని ఇస్త్రీ చొక్కాలో నిలబడి, వాళ్లతోపాటు నవ్వేసిన ఆ కుర్రాణ్ని తలచుకుంటే నాకిప్పటికీ నవ్వు వస్తుంది. సగందాకా వచ్చి ఆగిపోతుంది.