వయ్యారిభామ మీద సాక్ష్యం

ఆదివారం ఉదయం పది గంటల పది నిమిషాలకు నేను చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచాను. కూర్చునే ఉంటే ఈ కథ ఉండేది కాదు, నా పరువు ఉండేది.

నాన్న పోయిన ఏడాది అది. బండ్రి అనే ఊరి దగ్గర, ఖనిజం లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉన్న ఆయన చేను నాకు వచ్చింది. నేను ఇంట్లో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. చేనిండా వయ్యారిభామ మొలిచింది. ఆ కలుపు గింజ రాలిస్తే పక్కనే తిప్పేస్వామి శెనక్కాయ చేను నాశనం.

"సామేలప్పా, చేను నీది, గడ్డి నీది. గింజ మాత్రం నా చేన్లోకి వస్తాది. పీకిస్తావా లేదా?" అని కనపడినప్పుడల్లా అడిగేవాడు.

కూలీలంతా గనులకు పోయారు. చివరికి మా చర్చి ఆడవాళ్లు సోమవారం వచ్చి పీకుతామన్నారు.

శనివారం బస్సులోంచి చూశాను. చేనంతా కాలిన ఇటుకలా ఎర్రగా ఉంది. ఒక్క ఆకూ పచ్చగా లేదు. దిగి చూడొచ్చు. కానీ అంత చదువుకున్నవాడికి బస్సు కిటికీ చాలదా, మీరే చెప్పండి!

"దేవుడు నా కలుపును ఎండబెట్టాడు. రేపు ఎవరూ రానక్కర్లేదు" అని సాక్ష్యమిచ్చాను. అందరూ హల్లెలూయా అన్నారు.

ముందు వరుసలోని రత్నమ్మత్త మాత్రం, "దిగి చూసినావా నాయనా?" అంది. వినపడనట్టు కూర్చున్నాను.

మధ్యాహ్నం పెద్ద వాన. అది తగ్గేసరికి తిప్పేస్వామి మా గుమ్మంలో ఉన్నాడు.

"జల్దీ రాప్పా! సచ్చిపోయిన నీ గడ్డి లేచి నిన్ను పిలస్తాండాది."

వెళ్లి చూశాను. లారీలు కప్పిన ఎర్రదుమ్మంతా కడుక్కుపోయింది. వయ్యారిభామ తలంటుకుని, తెల్లటి పూలు పెట్టుకుని, పెళ్లికి బయల్దేరినట్టు నిలబడింది.

"వచ్చే మనుషుల్ని వద్దన్నావంట?" అన్నాడు తిప్పేస్వామి. "గింజ రాలే లోపల పీకితే నేను బతికినట్టు. లేకుంటే నీకూ నాకూ మాటల్లేవు."

సోమవారం ఆ గడ్డి దురద అంటకుండా చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని ఒక్కడినే దిగాను. నాలుగు మొక్కలు పీకానో లేదో, వెనక నవ్వులు. రత్నమ్మత్త, ఆమె వెనక చర్చి ఆడవాళ్లంతా.

"రావద్దంటి కదత్తా!"

"నీ సాక్ష్యం ఎవరు నమ్మినారు? మీ నాయన చేనని వచ్చినాం. జరుగు."

వానకు నేల మెత్తబడి మొక్కలు వేళ్లతో సహా ఊడివచ్చాయి. గింజ రాలకముందే చేను ఖాళీ అయింది. తిప్పేస్వామి గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించి, "ఆయ్తప్పా, అయిపోయింది" అన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఇకమీదట దేన్నయినా చచ్చిపోయిందని ప్రకటించే ముందు వేలితో తుడిచి చూస్తానని ఆ గట్టు మీదే ప్రమాణం చేశాను. మా చర్చిలో ఇప్పుడు కలుపు గురించి సాక్ష్యాలు చెప్పరు.