రెండు రోజులు దాచిన మాట

2023 వానాకాలం. తిరువూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేస్తున్నాను. అప్పటికి ఈ పనిలో పద్దెనిమిదేళ్ళు. షమీమ్ మా దగ్గర చేరి ఎనిమిది నెలలే. సెలైన్ పెట్టడం దగ్గర్నుంచి అన్నీ దగ్గరుండి నేనే నేర్పాను. అయినా వార్డులో అందరికీ ఆ అమ్మాయే కావాలి.

వినగడప నుంచి కోటేశ్వరరావు గారు కాలి పుండుతో చేరారు. మిరప చేలో ముల్లు దిగింది, షుగరు వల్ల మానలేదు. తొలిరోజు పొద్దున డ్రెస్సింగ్ నేను చేశాను, సాయంత్రం షమీమ్ చేసింది. మర్నాడు నేను ట్రే పట్టుకుని వెళితే, "ఏమనుకోకండమ్మా, ఆ షమీమ్ సిస్టర్ని పంపండి. ఆ అమ్మాయి చెయ్యి తేలిక" అన్నారు. నవ్వి ట్రే ఆమెకిచ్చాను. లోపల మాత్రం భగ్గుమంది.

మూడో రోజుకీ జ్వరం తగ్గలేదు. షమీమ్ నా దగ్గరకొచ్చింది.

"అక్కా, వాళ్ళావిడ ఇప్పుడు చెప్పింది. ఇక్కడికి రాకముందు ఊళ్ళో నెలరోజులు ఏవేవో యాంటీబయాటిక్స్ వాడారంట. కాస్త తగ్గగానే ఆపేయడం, మళ్ళీ మొదలెట్టడం. మన ఇంజెక్షన్ పనిచేస్తున్నట్టు లేదు. చీము కల్చర్‌కి పంపమని సార్‌ని అడుగుదామా?"

కల్చర్ అంటే చీములోని క్రిమిని పెంచి, అది ఏ మందుకు చస్తుందో చూసే పరీక్ష. సగం సగం వాడిన మందులకు క్రిములు లొంగడం మానేస్తాయి. దాన్నే రెసిస్టెన్స్ అంటాం.

"సార్‌కి నువ్వు పాఠాలు చెప్తావా? నీ పని చూసుకో. చెప్పాల్సింది నేను చెప్తాలే" అన్నాను.

చెప్పలేదు. రౌండ్స్‌లో డాక్టరు గారు "ఇంకా జ్వరం ఉందే" అన్నప్పుడు మాట నోటిదాకా వచ్చింది. ఆయన షమీమ్‌ని మెచ్చుకుంటారన్న ఊహకే నోరు మూసుకున్నాను.

ఐదో రోజు కాలివేళ్ళు నల్లబడసాగాయి. భయపడి డాక్టరు గారి గదికి పరుగెత్తి అంతా చెప్పాను. షమీమ్ పేరు తప్ప.

"మంచి పాయింటు పట్టారు సిస్టర్" అన్నారాయన. గుమ్మంలో నిలబడ్డ షమీమ్ అది విని, వెనక్కి తిరిగి వార్డులోకి వెళ్ళిపోయింది.

చీము పంపిన విజయవాడ ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. మేమిస్తున్న మందుకు ఆ క్రిమి లొంగదు. మరో రెండింటికీ అంతే. లొంగే మందు మొదలుపెట్టాక జ్వరం దిగింది, పాదం దక్కింది. రెండు వేళ్ళు మాత్రం తీసేయాల్సి వచ్చింది.

"రెండు రోజుల ముందే పంపి ఉంటే?" అని డాక్టరు గారిని అడిగాను.

"వేళ్ళు కూడా దక్కేవేమో సిస్టర్. కచ్చితంగా చెప్పలేం."

కల్చర్‌కి పంపమన్న మాట ఎవరిదో, ఎన్నాళ్ళు దాచానో అప్పుడు చెప్పేశాను. ఆయన లేచి, "పేషెంటుకి చెప్పాలి. మీరూ రండి" అన్నారు.

కోటేశ్వరరావు గారు కాలికట్టు వైపు చూస్తూ అంతా విన్నారు. "ఆ పిల్ల అప్పుడే చెప్పిందామ్మా?" అని ఒక్కటే అడిగారు.

"చెప్పిందండీ."

ఆయన మొహం అటు తిప్పుకున్నారు.

మందుకు లొంగని క్రిమితో పోరాటంలో ప్రతి రోజూ విలువైనదేనని చదువుకునేటప్పుడే నేర్చుకున్నాను. ఆ రోజుల్ని నేను దేనికి ఖర్చుపెట్టానో ఆ మంచం పక్కన తెలిసింది. ఇప్పుడు ఎంత చిన్నవాళ్ళు చెప్పినా, ఆ పూటే వాళ్ళ పేరుతోనే డాక్టరు గారికి చెబుతాను. షమీమ్‌ని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ చురుక్కుమంటుంది. అయినా చెబుతాను.