కొత్త యాప్‌లో పాత బరువు

"ఈ నెలాఖరుతో ఈ నోట్స్ యాప్ మూసేస్తున్నాం. మీరు రాసుకున్నవి వేరే యాప్‌లోకి మార్చుకోండి" అని ఫోనులో కనిపించేసరికి రోజా ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. చదివి, ఫోను బోర్లా పెట్టేసింది. కాసేపటికి తీసి మళ్లీ చదివింది.

రోజా పుట్టిల్లు మందస. కవిటి దగ్గరి ఊరికి కోడలిగా వచ్చేనాటికే ఆమె మామగారు మంచం పట్టి ఉన్నారు. ఆ ఉద్దానం ఊళ్లలో ఆ జబ్బు గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 'కిడ్నీలట' అంటే చాలు, విన్నవాళ్లు తలదించుకుంటారు. ఆయన పోయిన కొన్నేళ్లకు కొబ్బరికాయలు దింపే మొగుడు రామూర్తి చెట్టు సగం ఎక్కి ఆయాసంతో దిగిపోయాడు. పాదాలు పొంగాయి. తర్వాత డయాలసిస్.

రామూర్తి తన రిపోర్టులు ఏనాడూ చూడలేదు. డాక్టరు లెక్కలు చెప్పబోతే కిటికీలోంచి బయటికి చూసేవాడు.

"నాకు సెప్పకు రోజా. మా అయ్యకి అన్నీ సెప్పినారు. అన్నీ ఇన్నాడు. ఏటైనాది?" అనేవాడు.

అందుకని ఆ లెక్కలన్నీ రోజా మీద పడ్డాయి. మొదట్లో కాగితాలు బియ్యం డబ్బా మీద పెట్టేది. తిత్లీ తుఫానుకు ఇంటి రేకులు లేచిపోయి, మామగారి కాగితాలతోపాటు అవీ ముద్దయిపోయాయి. అప్పటినుంచి అంతా ఫోనులోనే. డయాలసిస్‌కు వెళ్లినప్పటి బరువు, వచ్చేటప్పటి బరువు, బీపీ, డాక్టరు అన్న మాట, ఏ ఇంజెక్షను పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయో ఆ పేరు. తేదీ వేసే పని ఆమెకు లేదు. యాప్ తనే వేసుకునేది. కొత్తగా రాసింది ఎప్పుడూ పైనుండేది.

"ఆ పోనులో అస్తమానం ఏటి సూత్తావే?" అని అత్త బొడ్డమ్మ విసుక్కుంటే, "మీ కొడుకు పేణం ఉందత్తా ఇందులో" అనేది రోజా.

ఇప్పుడు ఆ ప్రాణాన్నే ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి మార్చమంటున్నారు. వాయిదా వేస్తూ వేస్తూ, ఇక లాభం లేదనుకుని, ఆడపడుచు వరసయ్యే సుస్మిత దగ్గరికి వెళ్లింది. సుస్మిత కవిటిలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది.

"ఇదేటి వదినా, టీ తాగినంత పని! దానికింత గాబరా?" అంటూ సుస్మిత ఫోను అందుకుంది. తెరమీద నీలంగీత మెల్లగా సాగి, సగంలో ఆగిపోయింది. రోజా ఊపిరి కూడా ఆగింది.

"పోనాయా?"

"ఎక్కడికీ పోనేదు. నెట్టు అలాగుంది. ఉండు."

గీత కదిలింది. అన్నీ వచ్చాయి. రోజా ఇంజెక్షను పేరున్న నోటు వెతుక్కుంది. ఉంది. గుండె కుదుటపడింది.

"పాత యాప్ తీసీనా వదినా?"

"ఒద్దొద్దు! మూసీవరకూ ఉండనీ."

ఆ వారమే వాళ్లు ఎప్పుడూ వెళ్లే డయాలసిస్ కేంద్రంలో మిషన్లు మరమ్మతుకొచ్చాయి. పలాసలో ఇంకో కేంద్రానికి వెళ్లమన్నారు. ఫైలు అక్కడికి చేరలేదు. పలాసలో మిషను చూసే అమ్మాయి పేరు చందన. రామూర్తిని తూకం మీద నిలబెట్టింది. యాభై ఆరు కిలోలు.

"డ్రై వెయిట్ ఎంతన్నారమ్మా మీ డాక్టరుగారు?"

ఒంట్లో చేరిన నీరంతా పోయాక మిగిలే బరువది. వచ్చినప్పటి బరువులోంచి దాన్ని తీసేస్తే మిషను ఆరోజు ఎంత నీరు లాగాలో తేలుతుంది. రోజా కొత్త యాప్ తెరిచి, అన్నిటికన్నా పైనున్న నోటు చూసి, "యాభై రెండు" అంది.

చందన కనుబొమలు ముడిపడ్డాయి. "నాలుగు కిలోల నీరా? బాగా తాగేశారేంటండీ?"

"నేదమ్మా. నాను తాగనేదు" అన్నాడు రామూర్తి.

రోజా అతని వంక కోపంగా చూసింది. తను చూడకుండా బోరింగు దగ్గర తాగి ఉంటాడనుకుంది. రామూర్తి మంచమెక్కాడు.

సగం సమయం గడిచాక అతను ఒక్కసారిగా అరిచాడు. "కాలు! రోజా, కాలు పట్టీసింది!" పిక్క రాయిలా బిగుసుకుపోయింది. నుదుట చెమట. చూస్తుండగానే కళ్లు తేలవేశాడు. మిషను కూతపెట్టింది. చందన పరుగున వచ్చి నీరు లాగడం ఆపింది, కాళ్లు పైకెత్తింది, సెలైను వదిలింది. "బావా! బావా!" అని పిలుస్తోంది రోజా. మామగారి ఆఖరి రోజు ముఖమే ఆమె కళ్లముందు ఉంది.

బీపీ మెల్లగా పైకొచ్చింది. రామూర్తి కళ్లు తెరిచి, "దాహం" అన్నాడు.

"ఎందుకిలా అయిందో" అంటూ చందన మళ్లీ లెక్క చూసుకుంటుంటే రోజా ఫోను తీసింది. వేలితో నోట్సు కిందికి జరిపింది. కిందెక్కడో ఇంకొకటి, యాభై నాలుగు. అన్నిటిమీదా ఒకటే తేదీ, సుస్మిత షాపులో మార్చిన రోజుది. వరుస కలగాపులగమైంది. పైనున్నది పోయిన వేసవిది. అప్పుడు రామూర్తికి అన్నం సయించేది కాదు, చిక్కిపోయి ఉన్నాడు. తర్వాత కాస్త కండపట్టాక డాక్టరే బరువు పెంచి చెప్పాడు. పాత యాప్ తెరిస్తే ఆ యాభై నాలుగే పైన ఉంది.

రోజా రెండు అంకెలూ మార్చి మార్చి చూసింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ చెప్పకపోతే మళ్లీ అంతే లాగుతారు.

"అమ్మా, నాను సెప్పినది తప్పు. పాతది సెప్పీసినాను. యాభై నాలుగు" అంది.

చందన తను రాసుకున్న యాభై రెండును కొట్టేసింది. "నాకూ అనుమానం వచ్చిందమ్మా. డాక్టరుగారికి ఫోన్ చేసి కనుక్కోవాల్సింది" అని, అప్పుడు చేసింది.

తిరుగు బస్సులో రామూర్తి కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. రోజా జరిగిందంతా చెప్పింది. అతను కోప్పడలేదు.

"నాను తాగనేదని సెప్పినాను గదా" అన్నాడు, అంతే.

ఆ మాటకు ఆమె ఏడ్చేసింది. "నా పోనుమీద నాకు నమ్మకం పోనాది బావా. నామీద కూడా పోనాది. ఇకనుంచి నీ బరువు నువ్వే సెప్పు. నీకు తెలకపోతే నాకు బయం."

సోంపేట దాటింది. బస్సు జీడితోటల పక్కనుంచి పోతుంటే, రామూర్తి బయటికి చూస్తూనే అడిగాడు.

"ఎంతన్నావు?"

"యాభై నాలుగు."

'యాభై నాలుగు' అని అతని పెదాలు కదిలాయి. జబ్బు పడ్డాక తన ఒంటి లెక్క అతను నోటితో అనడం అదే మొదలు.

నెలాఖరుదాకా రోజా మధ్యాహ్నాలు కుట్టుపని పక్కనపెట్టి, పాత యాప్‌లో చూసి కొత్తదానిలో ప్రతి నోటుకూ పైన తన చేత్తో తేదీ రాసింది. రాసినదాన్ని రామూర్తికి చదివి వినిపించింది. ఇంజెక్షను పేరు అతనికి నోరు తిరగలేదు. బొడ్డమ్మ పక్కనే కూర్చుని తనూ పలకబోయి, చేతకాక, నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకరోజు పాత యాప్ తెరిస్తే తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. తెలిసిందే అయినా రోజా మూసి, మళ్లీ తెరిచి చూసింది.

ఆ తర్వాత మళ్లీ పలాస వెళ్లాల్సి వచ్చినప్పుడు చందన అడగ్గానే రామూర్తి తలెత్తి, "యాభై నాలుగమ్మా" అన్నాడు. రోజా బయట బల్లమీద కూర్చుంది. ఆరోజు ఏమీ కాలేదు. కానీ లోపల ఏ మిషను కూత పెట్టినా, అది ఎవరి మంచం దగ్గరిదైనా, ఆమె లేచి గుమ్మందాకా వెళ్లి చూసి వచ్చింది.